పూనా హార్స్: గుర్రాల నుంచి ట్యాంకుల దాకా వచ్చిన ఒక రెజిమెంట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరు విజయవాడ హైవేకి దగ్గర, కోదాడ వైపు. పూనా హార్స్ గురించి చదవడం మొదలుపెట్టింది పరమవీర చక్రల కోసమే కానీ, చదువుతూ పోతుంటే ఆ రెజిమెంట్ మా రోడ్డు మీద నుంచే వెళ్లిందని తెలిసింది, ఇక వదల్లేకపోయాను. ఫ్రెండ్స్, చుట్టాలు, కాలేజీ పిల్లలు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నా.

ట్యాంక్ రెజిమెంట్ కదా, పేరులో హార్స్ ఏంటి?

ఎందుకంటే మొదట్లో అది నిజంగా గుర్రాల దళమే. మన సైన్యంలో పాత ట్యాంక్ రెజిమెంట్లు చాలావరకు ఆశ్వికదళాల నుంచి వచ్చినవే, గుర్రం పోయి ట్యాంక్ వచ్చింది కానీ పేరు మాత్రం మార్చుకోలేదు. అందుకే హార్స్, లాన్సర్స్, కావల్రీ అనే పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. పూనా హార్స్‌ని 17 హార్స్ అని కూడా అంటారు, రెండూ ఒకటే, వేరే వేరే అనుకుని కన్ఫ్యూజ్ అవ్వకండి.

పేరు ఒక్కటే కాదు, ర్యాంకులు కూడా అలాగే ఉండిపోయాయి. ఇన్‌ఫాంట్రీలో, అంటే కాల్బలంలో, సిపాయి అంటే ఇక్కడ సవార్, అక్కడ హవల్దార్ అంటే ఇక్కడ దఫేదార్, అక్కడ సుబేదార్ అంటే ఇక్కడ రిసాల్దార్. సవార్ అంటే గుర్రం ఎక్కినవాడు, మన తెలుగులో రౌతు. ఇప్పుడు ట్యాంక్ నడిపే కుర్రాడు జీవితంలో గుర్రం ఎక్కకపోయినా కాగితాల మీద సవారే. రిసాలా అనే మాట మనకి కొత్తేం కాదు, సికింద్రాబాద్ దగ్గర బొల్లారంలో రిసాలా బజార్ ఉంది కదా, రిసాలా అంటే గుర్రపు దళం, ఆ పేరు అక్కడి నుంచే.

ఎప్పుడు పెట్టారు దీన్ని? ఎవరు పెట్టారు?

ఇప్పుడున్న రెజిమెంట్ రెండు పాత దళాలు కలిసి ఏర్పడింది. మొదటిది పూనా ఆగ్జిలరీ హార్స్, 1817లో పెట్టారు. రెండోది 3వ బాంబే లైట్ కావల్రీ, 1820 నాటిది. తర్వాత ఇవి 34వ పూనా హార్స్, 33వ లైట్ కావల్రీ అని పేర్లు మారుతూ వచ్చి 1921లో ఒకటిగా కలిశాయి.

1817 నాటి దళం కథ కొంచెం బాధగా ఉంటుంది. పీష్వా రెండో బాజీరావుతో ఇంగ్లీషు కంపెనీ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంది, దాని ప్రకారం దళానికి ఖర్చు పీష్వా భరించాలి, పెత్తనం మాత్రం కంపెనీది. కొన్ని నెలల్లోనే ఇద్దరికీ యుద్ధం వచ్చింది, పీష్వా డబ్బుతో పుట్టిన గుర్రాలు పీష్వా మీదకే వెళ్లాయి. 1818 జనవరి 1న కోరేగావ్‌లో జరిగిన యుద్ధంలో కూడా వీళ్ల గుర్రపువాళ్లు ఉన్నారు. మన రెజిమెంట్ల చరిత్ర చదివేటప్పుడు ఇలాంటివి దాటేయకూడదు అని నా అభిప్రాయం, ఎందుకంటే 1947కి ముందు వాళ్లు ఎవరి కోసం పోరాడారు అన్నది ఒక ప్రశ్న, ఎలా పోరాడారు అన్నది ఇంకో ప్రశ్న, రెండూ పక్కపక్కనే పెట్టుకుని చదవాలి.

ఈ రెజిమెంట్ కథల్లో వచ్చే ఖుషాబ్ అంటే ఏంటి? అది పాకిస్తాన్‌లో ఊరు కాదా?

పాకిస్తాన్ పంజాబ్‌లో ఆ పేరుతో ఊరు ఉన్న మాట నిజమే కానీ ఇది అది కాదు. ఇది ఇరాన్‌లో బుషహర్ రేవు దగ్గరి చోటు. 1857 ఫిబ్రవరి 8న ఇంగ్లీషు వాళ్లకీ పర్షియా సైన్యానికీ అక్కడ యుద్ధం జరిగింది, ఆ యుద్ధంలో 3వ బాంబే లైట్ కావల్రీ చేసిన పని గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఆ రోజుల్లో గుర్రాల దళం మీదకి వస్తుంటే కాల్బలం చేసే పని చతురస్రంలా నిలబడి నాలుగు వైపులా బాయ్‌నెట్లు, అంటే తుపాకీ చివర బిగించే కత్తులు, బయటికి చాపడం. గుర్రం ఎంత పరిగెత్తినా బాయ్‌నెట్ల గోడ మీదకి దూకదు, పక్కకి తిరిగిపోతుంది, అందుకే సరిగ్గా నిలబడ్డ చతురస్రాన్ని గుర్రాలతో పగలగొట్టడం దాదాపు జరగని పని. ఖుషాబ్‌లో అది జరిగింది. అడ్జుటెంట్ లెఫ్టినెంట్ మూర్ తన గుర్రాన్ని నేరుగా బాయ్‌నెట్ల మీదకే దూకించాడు, గుర్రం చచ్చిపోయి పడిపోయింది, ఆయన కత్తి విరిగిపోయింది, చుట్టూ శత్రువులు. అప్పుడు లెఫ్టినెంట్ మాల్కమ్‌సన్ గుర్రం మీద లోపలికి దూసుకొచ్చి తన రికాబు అందించి మూర్‌ని బయటికి లాక్కెళ్లాడు. మిగతా సవార్లు ఆ సందులోంచి లోపలికి పడ్డారు, చతురస్రం చెదిరిపోయింది. ఇద్దరికీ విక్టోరియా క్రాస్ వచ్చింది, ఇంగ్లీషు వాళ్ల సైన్యంలో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం అది. వాళ్ల వెనకాల అదే బాయ్‌నెట్ల మీదకి దూకిన మన సవార్లకి ఆ పతకం ఇచ్చే అవకాశమే అప్పట్లో లేదు, భారతీయ సైనికులకి విక్టోరియా క్రాస్ అర్హత వచ్చింది 1911 తర్వాతే. ఇది చదివిన ప్రతిసారీ నాకు గుచ్చుకుంటుంది.

రెజిమెంట్ గుర్తులో ఆ చెయ్యి ఏంటి?

అది కూడా ఖుషాబ్‌దే. అక్కడ పట్టుకున్న పర్షియన్ జెండా కర్ర పైన వెండి చెయ్యి ఉంది, దాని మీద అరబ్బీలో దేవుడి చెయ్యి అందరి చేతుల కన్నా పైన ఉంటుంది అనే అర్థం వచ్చే వాక్యం చెక్కి ఉంది. మన హైదరాబాద్‌లో మొహర్రం ఆలంలు చూసినవాళ్లకి ఆ ఆకారం వెంటనే తెలిసిపోతుంది. ఓడిపోయినవాళ్ల జెండా మీది పవిత్ర గుర్తుని పారేయకుండా తమదిగా చేసుకుని నూటయాభై ఏళ్లకి పైగా గౌరవంగా దాచుకున్నారు, నాకు ఈ రెజిమెంట్‌లో బాగా నచ్చే విషయాల్లో ఇదొకటి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్నారా?

ఉన్నారు. 34వ పూనా హార్స్ 1914లోనే ఫ్రాన్స్ వెళ్లింది. గుర్రాలు పక్కన పెట్టి కందకాల్లో దిగి పోరాడాల్సి వచ్చింది. ఆ నవంబర్‌లో ఫెస్టుబర్ట్ దగ్గర లెఫ్టినెంట్ ఫ్రాంక్ డి పాస్, జర్మన్లు తమ కందకం వైపు తవ్వుకుంటూ వచ్చిన చిన్న కందకంలోకి వెళ్లి దాన్ని పేల్చేశాడు, తర్వాత గాయపడి బయట పడి ఉన్న ఒక సైనికుణ్ని పట్టపగలు కాల్పుల మధ్య మోసుకొచ్చాడు, తర్వాత అక్కడి పోరాటంలోనే చనిపోయాడు. ఆయనకీ విక్టోరియా క్రాస్ వచ్చింది, విక్టోరియా క్రాస్ వచ్చిన మొదటి యూదుడు ఆయనే.

గుర్రాలు ఎప్పుడు పోయాయి?

మన ఆశ్వికదళాల్లో మొదట గుర్రాలు వదిలింది సిండ్ హార్స్, 1938లో. మే 1ని ఆర్మర్ డేగా చేసుకునేది అందుకే. మిగతా రెజిమెంట్లు, పూనా హార్స్‌తో సహా, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కాలంలో ఒక్కొక్కటిగా మారాయి. గుర్రాన్ని సొంత బిడ్డలా పెంచుకున్న సవార్‌కి అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించుకోండి. రౌతు కొద్దీ గుర్రం అంటాం కదా, ట్యాంక్ విషయంలోనూ అదే నిజమని తర్వాత 1965లో తేలింది, అది కింద చెప్తా.

1948లో మన వైపు వచ్చారా నిజంగా?

వచ్చారు. ఆపరేషన్ పోలో, మనం పోలీస్ యాక్షన్ అంటాం కదా, అది సెప్టెంబర్ 13న మొదలైంది. మెయిన్ దళం మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఆధ్వర్యంలో సోలాపూర్ వైపు నుంచి వచ్చింది. రెండో వైపు మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర దళం విజయవాడ నుంచి, అప్పటి బెజవాడ, హైదరాబాద్ రోడ్డు పట్టుకుని వచ్చింది. ఆ దళంలో గూర్ఖాలతో పాటు పూనా హార్స్ స్క్వాడ్రన్ ఒకటి ఉంది. మొదటి రోజే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల, తర్వాత సూర్యాపేట. నిజాం సైన్యం వెనక్కి పోతూ మూసీ మీద వంతెన పేల్చేసింది కానీ తొందరగానే బాగుచేసుకుని ముందుకు పోయారు. అవతలి వైపు ఎదురు నిలిచినవాళ్లు హైదరాబాద్ లాన్సర్స్, ఆర్మర్డ్ కార్లతో. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, వెంటనే దీని అవసరం వస్తుంది.

మా ఊళ్లో పెద్దవాళ్లు ఆ రోజుల గురించి ఎప్పుడూ మిలటరీ వచ్చినప్పుడు అనే మొదలుపెడతారు, ఏ రెజిమెంటో వాళ్లకి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. రజాకార్ల భయం, తర్వాత జరిగినవి, రెండు వైపులా జనం పడ్డ బాధ, అదంతా ఇక్కడ రెండు లైన్లలో చెప్పేది కాదు.

1965లో పరమవీర చక్ర వచ్చిన తారాపూర్ గారికి హైదరాబాద్‌తో సంబంధం ఏంటి?

చాలామందికి తెలియని విషయం ఇదే, కాస్త వివరంగా చెప్తా.

అర్దేషిర్ బుర్జోర్జీ తారాపూర్, అందరూ ఆది అని పిలిచేవారు, 1923 ఆగస్టు 18న బొంబాయిలో పార్సీ కుటుంబంలో పుట్టారు, పూనాలో చదువుకున్నారు. పూర్వీకుల్లో ఒకాయన శివాజీ సైన్యంలో పనిచేస్తే వంద ఊళ్లు ఇచ్చారని, అందులో ముఖ్యమైన ఊరు తారాపూర్ కాబట్టి ఇంటిపేరు అలా వచ్చిందని చెప్తారు. ఆయన చేరింది మాత్రం నిజాం సైన్యంలో. గోల్కొండలో ట్రైనింగ్ తీసుకుని 1942లో 7వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీలో ఆఫీసర్ అయ్యారు. ఆయనకి ఇన్‌ఫాంట్రీ ఇష్టం లేదు, మనసంతా ఆర్మర్డ్ కార్ల మీదే.

ఒకరోజు గ్రెనేడ్ విసరడం నేర్పుతున్నారు. కొత్తగా చేరిన కుర్రాడు విసిరిన గ్రెనేడ్ వెళ్లాల్సిన చోటికి వెళ్లకుండా దగ్గర్లోనే పడింది. తారాపూర్ గోతిలోకి దూకి దాన్ని తీసి అవతలికి విసిరారు, విసురుతుండగానే పేలి ఆయన ఒంట్లోకి ముక్కలు దిగాయి. అది కళ్లారా చూసినవాడు హైదరాబాద్ సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎడ్రూస్. కోలుకున్నాక పిలిపించి మెచ్చుకుంటే ఈయన అడిగింది ఒక్కటే, నన్ను ఆర్మర్డ్ రెజిమెంట్‌కి మార్చండి అని. అలా 1వ హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్‌కి వెళ్లారు.

ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర మూడు విగ్రహాలు ఉంటాయి కదా, హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్స్‌వి, ఆ హైదరాబాద్ లాన్సరే ఇది.

తర్వాత 1948 వచ్చింది. ఆ గ్రెనేడ్ రోజు చూసిన ఎడ్రూసే సెప్టెంబర్ 18న చౌదరి ముందు హైదరాబాద్ సైన్యం తరఫున లొంగిపోయారు. నిజాం సైన్యం భారత సైన్యంలో కలిసినాక తారాపూర్ 1951లో వెళ్లి చేరింది ఎందులో అనుకుంటున్నారు, పూనా హార్స్‌లో. మూడేళ్ల కిందట హైదరాబాద్ లాన్సర్స్ మీదకి నడిచొచ్చిన రెజిమెంట్ అది. అందులోనే ఎదిగి దానికే కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు, దాని కోసమే ప్రాణం ఇచ్చారు.

1965లో ఏం జరిగింది?

పాకిస్తాన్‌తో యుద్ధం. చోటు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ సెక్టార్, ఫిల్లోరా అనే ఊరు. 1 ఆర్మర్డ్ డివిజన్ లోపలికి వెళ్లింది, పూనా హార్స్‌తో పాటు హాడ్సన్స్ హార్స్, 16 లైట్ కావల్రీ లాంటి రెజిమెంట్లు కూడా ఉన్నాయి. సెప్టెంబర్ 11న ఫిల్లోరా మీద దాడి. వజీర్‌వాలీ వైపు నుంచి పాకిస్తాన్ ట్యాంకులు ఎదురుదాడి చేశాయి, తారాపూర్ కదలకుండా అక్కడే నిలబడి తట్టుకుని, ఒక స్క్వాడ్రన్‌తో మళ్లీ ఫిల్లోరా మీదకే వెళ్లారు. గాయమైంది, వెనక్కి పంపిస్తామంటే ఒప్పుకోలేదు. చెయ్యి కట్టుతోనే 14న వజీర్‌వాలీ, 16న జస్సోరాన్, బుటూర్ డోగ్రాండీ. అప్పటికి ఆయన ట్యాంక్‌కి చాలాసార్లు దెబ్బలు తగిలాయి. 16వ తారీఖు ఆయన వీరమరణం పొందారు. ఆ ఆరు రోజుల్లో రెజిమెంట్ దాదాపు 60 శత్రు ట్యాంకుల్ని దెబ్బతీసి తమవి 9 పోగొట్టుకుందని ఆయన పరమవీర చక్ర సైటేషన్‌లో ఉంది.

ఆయన ట్యాంక్ పేరు ఖుషాబ్.

ఈ రెజిమెంట్‌లో ట్యాంకులకి పేర్లు ఉంటాయి. 1857లో గుర్రాలు గెలిచిన యుద్ధం పేరు 1965లో ట్యాంక్ మీద రాసుకుని అందులో కూర్చుని వెళ్లారు. వారసత్వం అంటే మ్యూజియంలో అద్దాల వెనకాల ఉండేదే అనుకునేవాణ్ని నేను, ఇది తెలిసినాక ఆ మాట మానేశా.

ఆయన అంత్యక్రియలు యుద్ధభూమిలోనే చేశారంటారు, నిజమేనా?

నిజమే. ఆయనే ముందు చెప్పి పెట్టారు. యుద్ధానికి ముందు మేజర్ చీమాతో, నాకేమైనా అయితే ఇక్కడే దహనం చెయ్యండి, నా ప్రార్థన పుస్తకం మా అమ్మకి, గొలుసు నా భార్యకి, ఉంగరం మా పాపకి, కడియం, పెన్ను మా బాబుకి ఇవ్వండి అని చెప్పారట. జస్సోరాన్‌లో అలాగే చేశారు. పార్సీలకి దహనం ఆచారం కాదు, అది గుర్తుచేసుకుంటే ఆ కోరిక బరువు ఇంకా తెలుస్తుంది.

ప్యాటన్ ట్యాంకులు అంత గొప్పవైతే సెంచూరియన్ ఎలా గెలిచింది?

ఇది తరచుగా వాదనలకి దారితీసే ప్రశ్న. కాగితం మీద పాకిస్తాన్ వాడిన అమెరికా ప్యాటన్‌దే పైచేయి, 90 మిల్లీమీటర్ల గన్, దూరం కొలిచే ఆధునిక రేంజ్‌ఫైండర్. మన సెంచూరియన్ ఇంగ్లండ్‌ది, 1945లో వచ్చిన డిజైన్, దాదాపు 50 టన్నుల బరువు, నెమ్మదిగా పోయే బండి, గన్ 20 పౌండర్, అంటే దాదాపు 84 మిల్లీమీటర్లది. నలుగురు మనుషులు: కమాండర్, గన్నర్, గుండు నింపే లోడర్, డ్రైవర్. వైర్‌లెస్ పని కూడా లోడరే చూసుకుంటాడు.

కానీ సెంచూరియన్ కవచం మందం, గన్ నమ్మకమైనది, అన్నిటికంటే ముఖ్యం మన గన్నర్లు దాన్ని కళ్లు మూసుకుని కూడా వాడేంతగా ప్రాక్టీస్ చేసి ఉన్నారు. ప్యాటన్ రేంజ్‌ఫైండర్ మంచిదే కానీ దాన్ని సరిగ్గా వాడాలంటే చాలా ట్రైనింగ్ కావాలి, మొదటి గుండు ఎవరు ముందు తగిలిస్తారన్నదే ట్యాంక్ యుద్ధంలో అసలు లెక్క. పైన చెప్పిన సామెత ఇక్కడే. ప్యాటన్ చెత్త ట్యాంక్ అని కొందరు రాస్తుంటారు, అది తప్పు, అలా అంటే ఎదురు నిలిచి గెలిచినవాళ్ల గొప్పతనాన్నే తగ్గించినట్టు.

ఒక రెజిమెంట్‌లో ఎన్ని ట్యాంకులు ఉంటాయి?

మామూలుగా 45. మూడు ట్యాంకులు ఒక ట్రూప్, స్క్వాడ్రన్‌కి 14, అలాంటివి మూడు స్క్వాడ్రన్లు, హెడ్‌క్వార్టర్స్‌లో ఇంకో 3.

బసంతర్ యుద్ధం గురించి సింపుల్‌గా చెప్పండి.

1971 డిసెంబర్, షకర్‌గఢ్ ప్రాంతం, బసంతర్ అనే చిన్న నది. 15వ తారీఖు రాత్రి మన 47 బ్రిగేడ్ కాల్బలం నది దాటి అవతలి ఒడ్డున కొంచెం చోటు పట్టుకుంది. వాళ్లకి ట్యాంకులు అందకపోతే తెల్లారేసరికి శత్రు ట్యాంకులు వచ్చి తొక్కేస్తాయి. మధ్యలో మందుపాతరలు. ఇంజనీర్లు ప్రాణాలకి తెగించి దారి తవ్వుతున్నారు కానీ ఇంకా పూర్తి కాలేదు. అప్పటి కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ హనూత్ సింగ్, దారి పూర్తయ్యేదాకా ఆగలేం అని రెజిమెంట్‌ని ఆ చీకట్లోనే మందుపాతరల మీదుగా పంపించారు. ట్యాంకులు దాటాయి. 16న పొద్దున్నే జర్‌పాల్ దగ్గర పాకిస్తాన్ 8 ఆర్మర్డ్ బ్రిగేడ్ వరసగా ఎదురుదాడులు చేసింది. ఒక్క ట్యాంక్ కూడా అంగుళం వెనక్కి రాకూడదని హనూత్ ఆర్డర్. రాలేదు. ఇదే యుద్ధంలో 3 గ్రెనేడియర్స్ మేజర్ హోషియార్ సింగ్ గారికి కూడా పరమవీర చక్ర వచ్చింది, ఆయన బతికి ఉండగానే అందుకున్నారు.

బసంతర్‌లో పరమవీర చక్ర వచ్చిన అరుణ్ ఖేత్రపాల్ గురించి?

సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్, 1950 అక్టోబర్ 14న పుణేలో పుట్టారు, నాన్నగారు కూడా ఆర్మీనే, ఇంజనీర్స్‌లో బ్రిగేడియర్ అయ్యారు. 1971 జూన్ 13న కమిషన్ వచ్చి పూనా హార్స్‌లో చేరారు. యుద్ధం వచ్చేసరికి అహ్మద్‌నగర్‌లో కుర్ర ఆఫీసర్ల కోర్సు మధ్యలో ఉన్నారు, అక్కడి నుంచే వెనక్కి వచ్చారు. కోర్సు పూర్తి కాలేదు కాబట్టి యుద్ధానికి తీసుకెళ్లడం కష్టం అన్నారు, బతిమాలి, పరీక్ష పెడితే పాసై మరీ వెళ్లారు. ఆరు నెలల సర్వీసు, 21 ఏళ్ల వయసు.

డిసెంబర్ 16న బి స్క్వాడ్రన్ సాయం అడిగింది. కెప్టెన్ మల్హోత్రా, లెఫ్టినెంట్ అహ్లావత్, ఖేత్రపాల్ తమ ట్యాంకులతో వెళ్లారు. దారిలో ఎదురైన స్థావరాలని తొక్కుకుంటూ వెళ్లి ట్యాంకులకి ట్యాంకులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకున్నాయి. అహ్లావత్ ట్యాంక్‌కి దెబ్బ తగిలింది, మల్హోత్రా గన్ మొరాయించింది, మిగిలింది ఖేత్రపాల్ ఒక్కరే. ఆయన ట్యాంక్‌కీ నిప్పంటుకుంది, గాయాలయ్యాయి. బయటికి వచ్చేయమని రేడియోలో ఆర్డర్ వస్తే ట్యాంక్ వదలను, నా గన్ ఇంకా పనిచేస్తోంది అని చెప్పారు. ఆ తర్వాత కూడా కొడుతూనే ఉన్నారు, రెండో దెబ్బకి చనిపోయారు. ఆయన ట్యాంక్‌లో రేడియో చూసే సవార్ నంద్ సింగ్ కూడా చనిపోయారు. ఈ పేరు ఎవరూ రాయరు, అందుకే నేను ఎక్కడ రాసినా రాస్తా. గన్నర్ నాథూ సింగ్, డ్రైవర్ ప్రయాగ్ సింగ్ గాయాలతో బయటపడ్డారు. నలుగురి ట్యాంక్ అది.

ఆ ట్యాంక్ పేరు ఫామగుస్తా, సైప్రస్ దీవిలో ఒక రేవు పట్నం పేరు.

తారాపూర్ పోయింది సెప్టెంబర్ 16, ఖేత్రపాల్ పోయింది డిసెంబర్ 16. తూర్పున ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది కూడా ఆ డిసెంబర్ 16నే.

ఆయన నాన్నగారిని పాకిస్తాన్ ఆఫీసర్ కలిశారంటారు, అది కథా నిజమా?

నిజమే. బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేత్రపాల్ పుట్టిన ఊరు సర్గోధా, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఎనభై ఏళ్ల వయసులో, 2001లో, చనిపోయేలోపు ఒకసారి చూసుకోవాలని వెళ్లారు. అక్కడ ఆయన్ని ఇంట్లో పెట్టుకుని మర్యాదలు చేసినాయన బ్రిగేడియర్ నాసర్, రిటైర్డ్, 1971లో పాకిస్తాన్ ట్యాంక్ రెజిమెంట్ 13 లాన్సర్స్‌లో ఉన్నారు. చివరి రాత్రి ఆయన చెప్పారు, మీ అబ్బాయి నా చేతిలోనే పోయాడు అని, ఆ కుర్రాడి ధైర్యం చెప్పి సెల్యూట్ చేశారు. ఆ తండ్రి ఏం అనగలడు, ఒక సైనికుడు ఇంకో సైనికుణ్ని అర్థం చేసుకున్నట్టే చేశారు. దీని మీద నేను ఎక్కువ రాయను, ఎన్నిసార్లు మొదలుపెట్టినా మధ్యలో ఆగిపోతా.

హనూత్ సింగ్ గారిని సన్యాసి జనరల్ అంటారెందుకు?

ఎందుకంటే అలాగే బతికారు. రాజస్థాన్ జసోల్‌లో 1933లో పుట్టారు, పెళ్లి చేసుకోలేదు, రోజూ గంటల తరబడి ధ్యానం, బసంతర్‌కి మహావీర చక్ర, చివరికి లెఫ్టినెంట్ జనరల్. ఇక్కడ మనకి సంబంధం ఉన్న ముక్క ఒకటుంది. ఆయన గురువు శివబాలయోగి, మన పాత తూర్పుగోదావరి జిల్లాలో ద్రాక్షారామం దగ్గర ఆదివారపుపేట ఆయనది, పద్నాలుగేళ్ల వయసులో తపస్సులో కూర్చుని పన్నెండేళ్లు చేశారు. గోదావరి జిల్లా పల్లెటూరి యోగికీ మార్వాడ్ ట్యాంక్ కమాండర్‌కీ ఎక్కడ కుదిరిందో చూడండి. రిటైరయ్యాక హనూత్ డెహ్రాడూన్‌లో గురువు ఆశ్రమంలోనే ఉండిపోయారు, 2015 ఏప్రిల్‌లో అక్కడే పోయారు.

పూనా హార్స్‌కి ఫఖ్ర్ ఎ హింద్ అనే బిరుదు ఎవరిచ్చారు?

భారత గర్వం అని అర్థం. 1971 యుద్ధం తర్వాత పాకిస్తాన్ వాళ్లే అలా అన్నారని రెజిమెంట్ వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. మన ప్రభుత్వం ఇచ్చిన యుద్ధ గౌరవాలు వేరే: ఫిల్లోరా, బుటూర్ డోగ్రాండీ, బసంతర్ నది.

డెక్కన్ హార్స్ అంటే ఇదేనా?

కాదు. డెక్కన్ హార్స్ వేరే, అది 9 హార్స్. అది పుట్టిందే హైదరాబాద్‌లో, 1790లో, నిజాం పేరు మీద. 1916 జులై 14న ఫ్రాన్స్‌లో హై వుడ్ దగ్గర ఈటెలతో గుర్రాల దాడి చేసింది వాళ్లే, 1965లో అసల్ ఉత్తర్‌లో ప్యాటన్లని ఆపిన రెజిమెంట్లలో అదీ ఒకటి. దాని గురించి విడిగా రాయాల్సినంత ఉంది.

తెలుగు కుర్రాళ్లు ట్యాంక్ రెజిమెంట్లలో చేరొచ్చా?

ఎందుకు చేరకూడదు. ఆఫీసర్‌గా అయితే ఏ రాష్ట్రం వాళ్లయినా ఏ రెజిమెంట్‌కైనా వెళ్లొచ్చు. జవాన్ల విషయంలో కొన్ని పాత రెజిమెంట్లకి ఏ ప్రాంతం వాళ్లు అనే పద్ధతి ఉంది. దక్షిణాది వాళ్లకి ముఖ్యంగా 16 లైట్ కావల్రీ ఉంది, 1776 నాటిది, మన సైన్యంలో అన్నిటికన్నా పాత ఆర్మర్డ్ రెజిమెంట్, 1965లో ఫిల్లోరా వైపు పూనా హార్స్ పక్కనే పోరాడింది. ఇక ట్యాంక్ చెడిపోతే బాగుచేసే ఈఎంఈ వాళ్ల పెద్ద కాలేజీ సికింద్రాబాద్‌లోనే ఉంది, మెకానికల్ మీద ఇష్టం ఉన్నవాళ్లు అటు కూడా చూడండి.

ట్యాంకులు మెదక్‌లో తయారవుతాయా?

ఎద్దుమైలారంలో ఉన్న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మెదక్‌లో తయారయ్యేవి బీఎంపీ బళ్లు, సారథ్ అని పేరు. చెయిన్ల మీద నడుస్తాయి, పైన గన్ ఉంటుంది, అందుకే జనం ట్యాంక్ అనేస్తారు, కానీ అవి సైనికుల్ని లోపల కూర్చోబెట్టుకుని ట్యాంకుల వెంట వెళ్లేవి. అసలు ట్యాంకులు చెన్నై దగ్గర ఆవడిలో.

ఇవన్నీ ఎక్కడ చూడొచ్చు?

మహారాష్ట్ర అహ్మద్‌నగర్‌లో, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు, కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది. 1994లో పెట్టారు, దేశదేశాల ట్యాంకులు వరసగా ఉంటాయి, సెంచూరియన్ పక్కనే ప్యాటన్‌ని కూడా చూడొచ్చు, షిర్డీ వెళ్లేవాళ్లకి పెద్ద చుట్టేం కాదు. ఫామగుస్తా కూడా ఆ ఊళ్లోనే, ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్‌లో పెట్టారు, అది మిలటరీ ఏరియా కాబట్టి లోపలికి వెళ్లాలంటే ముందే కనుక్కుని వెళ్లండి. ఖేత్రపాల్ కోర్సు మధ్యలో వదిలి యుద్ధానికి వెళ్లింది ఆ స్కూల్ నుంచే, ఆయన ట్యాంక్ మళ్లీ అక్కడికే చేరింది. అండమాన్ వెళ్లేవాళ్లకి ఇంకో మాట, 2023 జనవరిలో అక్కడి 21 దీవులకి పరమవీర చక్ర వచ్చినవాళ్ల పేర్లు పెట్టారు, అందులో తారాపూర్, ఖేత్రపాల్ ఇద్దరి పేర్ల మీదా దీవులు ఉన్నాయి. గోల్కొండ వైపు వెళ్తే మాత్రం కోట చూసి వచ్చేటప్పుడు పిల్లలకి ఆ గ్రెనేడ్ సంగతి చెప్పండి, మా వాడికి నేను అక్కడే చెప్పాను.